వర్జీనియా మెకెన్నాకు డేమ్ బిరుదు దేనికిచ్చారంటే

2023 కొత్త సంవత్సరం సందర్భంగా బ్రిటన్ ప్రకటించిన బిరుదుల జాబితాలో వర్జీనియా మెకెన్నా అనే నటి పేరుంది. మగవాళ్లకు సర్ ఎలాగో ఆడవాళ్లకు డేమ్ అలాగ, ఆ బిరుదు ఆవిడకిచ్చారు. అప్పటికి ఆవిడ వయసు 91. 1950ల్లోనే బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా అందుకున్న మనిషి, నాటకరంగంలో ఆలివియే అవార్డు కూడా ఉంది, కాబట్టి నటనకే ఇచ్చి ఉంటారని ఎవరైనా అనుకుంటారు. ప్రకటనలో మాత్రం వన్యప్రాణి సంరక్షణకు, అడవి జంతువుల సంక్షేమానికి చేసిన సేవకుగాను అని రాశారు. నటనను పక్కనపెట్టి ఈ పనికి ఇవ్వడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. సినిమావాళ్లకు ప్రభుత్వాలు చేసే సత్కారాల్లో ఇంతకంటే సరైనది నేనైతే చూడలేదు.

ఆవిడ కథ తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 1960ల మధ్యలో ఆవిడ, ఆవిడ భర్త బిల్ ట్రావర్స్ కలిసి కెన్యాలో 'బోర్న్ ఫ్రీ' అనే సినిమా చేశారు. తల్లి లేని ఎల్సా అనే ఆడసింహాన్ని పెంచి, వేట నేర్పి తిరిగి అడవిలో వదిలిన జాయ్, జార్జ్ ఆడమ్సన్ దంపతుల నిజజీవిత కథ అది. 1966లో విడుదలై ప్రపంచమంతా ఆడింది. షూటింగ్ కోసం చాలా సింహాలను తెచ్చారు, పని అయిపోగానే వాటిలో ఎక్కువ భాగాన్ని జూలకు, సఫారీ పార్కులకు పంపేశారు. ఈ దంపతులు, ఆడమ్సన్ ఎంత బతిమాలినా చివరికి మూడింటికే, బాయ్, గర్ల్, ఉగాస్ అనే వాటికే, జార్జ్ వెంట కెన్యాలోని మేరు అడవిలోకి వెళ్లే అవకాశం దొరికింది. సింహానికి స్వేచ్ఛ కావాలని చెప్పిన సినిమాలో ఆడిన సింహాలే బోనుల పాలయ్యాయి, అది ఆ ఇద్దరి మనసులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత జరిగిందే అసలు మలుపు. 1960ల చివర్లో మళ్లీ కెన్యాలోనే ఇంకో సినిమా, అందులో పోలే పోలే అనే పిల్ల ఏనుగు. షూటింగ్ అయ్యాక కెన్యా ప్రభుత్వం దాన్ని లండన్ జూకి కానుకగా ఇవ్వాలనుకుంది. డబ్బు కట్టి మేమే విడిపించుకుంటాం అని వీళ్లు ముందుకొచ్చారు. అయితే దీని బదులు అడవి నుంచి ఇంకో పిల్లను పట్టుకొచ్చి పంపాల్సి ఉంటుందన్నారు. తల్లి నుంచి ఇంకో పిల్లను విడదీయడానికి మనసొప్పక వెనక్కి తగ్గారు. ఏళ్ల తర్వాత, 1982లో, లండన్ జూలో ఒంటరిగా ఉన్న ఆ ఏనుగును చూడటానికి వెళ్లి పేరు పెట్టి పిలిస్తే, అది దగ్గరికొచ్చి తొండం చాచి వాళ్ల చేతుల్ని తడిమిందట. అప్పటికి అది వయసులో ఉన్న ఏనుగు, ఆ జాతి లెక్కన ఇంకా నలభై ఏళ్లు బతకాల్సింది. 1983లో దాన్ని వేరేచోటికి తరలించే ఏర్పాట్లలో కాలు దెబ్బతిని, ఇక లేవలేని స్థితికి వచ్చాక ప్రాణం తీసేశారు.

ఎవరైనా ఇక్కడ ఒక ఇంటర్వ్యూలో కన్నీళ్లు పెట్టుకుని ఊరుకునేవాళ్లు. వీళ్లు 1984లో పెద్దబ్బాయి విల్‌తో కలిసి జూ చెక్ అనే సంస్థ పెట్టారు, అదే తర్వాత బోర్న్ ఫ్రీ ఫౌండేషన్ అయింది. భర్త 1994లో పోయారు, ఆవిడ ఆపలేదు. 2004లో డేమ్ కంటే చిన్నదైన ఓబీఈ అనే బిరుదు, ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాలకు డేమ్. లెక్క చూస్తే సంస్థ పెట్టిన దాదాపు 39 ఏళ్లకు!

ఆ సంస్థ ఏం చేస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. ఇథియోపియా కొండల మీద ఎర్రటి తోడేళ్లు ఉంటాయి, మొత్తం ప్రపంచంలో మిగిలినవి సుమారు 500, వేరే ఏ దేశంలోనూ లేవు. వాటిని చంపుతున్నది తుపాకీ కంటే ఎక్కువగా రేబిస్. పశువుల కాపరుల వెంట ఉండే కుక్కలకు రేబిస్ వస్తే, అదే కొండ మీద తిరిగే తోడేళ్లకు అంటుకుంటుంది, తోడేళ్లు గుంపుగా బతికే జంతువులు కాబట్టి ఒకదానికి వచ్చిందంటే మందకు మందే పోతుంది. అందుకని అక్కడి బృందాలు గుర్రాల మీద ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేస్తుంటాయి. ఆ కార్యక్రమానికి ఏళ్ల తరబడి డబ్బు సమకూరుస్తున్నవాళ్లలో బోర్న్ ఫ్రీ ముఖ్యమైనది. ఎక్కడో కొండ మీద ఒక కుక్కకు వేసిన టీకా గురించి ఏ పేపరూ ఫొటో వేయదు, హీరోయిన్ వచ్చి రిబ్బన్ కట్ చేసే పని కూడా కాదు. తోడేలు మిగిలేది మాత్రం దానివల్లే.

మనకూ దగ్గరి సంబంధం ఉంది. యూరప్ సర్కస్‌ల నుంచి విడిపించిన పులుల్ని కొన్నిటిని వీళ్లు బెంగళూరు పక్కన బన్నేరుఘట్టలో పెట్టి చూసుకున్నారు. మధ్య భారతంలో సాత్పురా అడవుల చుట్టూ ఉన్న స్థానిక సంస్థలతో కలిసి పులుల కోసం 2004 నుంచి పనిచేస్తున్నారు. మహారాష్ట్రలోని తాడోబా వైపు పెరిగిన పులులు చోటు చాలక నది దాటి మన కాగజ్‌నగర్ అడవుల్లోకి వస్తాయని ఆసిఫాబాద్ జిల్లావాళ్లను ఎవర్నడిగినా చెబుతారు. అక్కడి అడవి బాగుంటేనే ఇక్కడ పులి అడుగు పడుతుంది.

ఇలాంటి గౌరవాలు ఇంకొన్ని ఉన్నాయి. అమెరికా నటి బెట్టీ వైట్‌కు చిన్నప్పుడు ఫారెస్ట్ రేంజర్ కావాలని కోరిక, ఆ రోజుల్లో ఆడవాళ్లను తీసుకునేవాళ్లు కాదు. జీవితమంతా జంతువుల కోసం పనిచేసిన ఆవిడను 2010లో, 88వ ఏట, అక్కడి ఫారెస్ట్ సర్వీస్ పిలిచి గౌరవ రేంజర్‌ని చేసి టోపీ పెట్టింది. ఇండియానాపొలిస్ నగరంలో వన్యప్రాణి శాస్త్రవేత్తలకు ఇచ్చే పెద్ద బహుమతికి తోడుగా, 2012లో నటి జేన్ అలెగ్జాండర్‌తో మొదలుపెట్టి, ప్రజాజీవితంలో పేరున్నవాళ్లకు ఒక అవార్డు ఇస్తున్నారు, ఇప్పుడు అది ఆవిడ పేరు మీదే ఉంది. దాన్ని అందుకున్నవాళ్లలో సిగోర్నీ వీవర్ ఒకరు. గొరిల్లాల కోసం ప్రాణం పోగొట్టుకున్న డయాన్ ఫాసీ పాత్ర వేసిన ఆవిడ, షూటింగ్‌తో సరిపెట్టుకోకుండా ఫాసీ పేరున ఉన్న నిధికి గౌరవ అధ్యక్షురాలిగా దశాబ్దాలుగా విరాళాలు తెచ్చిపెడుతున్నారు. 1980ల మొదట్లో విరుంగా కొండల్లో 250 దాకా మిగిలిన పర్వత గొరిల్లాలు 2018లో విడుదలైన లెక్కల్లో 600 దాటాయి. అదంతా ఒక నటి వల్ల కాదు, రువాండా, ఉగాండా, కాంగోల్లో కాపలా కాసి ప్రాణాలిచ్చిన రేంజర్ల వల్ల. కానీ ఆ రేంజర్లకు జీతం, బూట్లు, మందులు రావాలంటే ఎవరో ఒకరు వెళ్లి అడగాలి కదా.

"స్టార్లకు అవార్డులు, అడవిలో తిరిగే యానిమల్ ట్రాకర్‌కు ఏముంది" అని చాలామంది అంటారు. న్యాయమైన మాటే. మన నల్లమలలో, కవ్వాల్‌లో బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లకు దక్కాల్సిన గుర్తింపులో పావు వంతు కూడా దక్కడం లేదు, ముందు వాళ్లకు జీతాలు సకాలంలో రావాలి. నాకు అభ్యంతరం స్టార్లను గౌరవించడం మీద కాదు, ఆ గౌరవం ఇచ్చే వరస మీద. మన దగ్గర ముందు అంబాసిడర్ పదవి, తర్వాత పని. 2015లో మహారాష్ట్ర పులుల కోసం అమితాబ్ బచ్చన్‌ను అడిగింది, 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం దియా మీర్జాను సద్భావనా రాయబారిగా తీసుకుంది. అవి నియామకాలు, తప్పేం లేదు, నలుగురికీ విషయం చేరుతుంది. కానీ పదేళ్లు, ఇరవై ఏళ్లు పనిచేశాక, ఆ పని చూసి పిలిచి ఇచ్చే సత్కారం మన రాష్ట్రాల్లో కనపడదు. నంది అవార్డుల్లోనో, ఇప్పటి గద్దర్ అవార్డుల్లోనో వన్యప్రాణి సంరక్షణకు ఒకటి పెట్టి, ఏటా ఇవ్వాలన్న నియమం లేకుండా, అర్హులు ఉన్న ఏడాదే ఇస్తే ఎంత బాగుంటుంది.

అప్పటిదాకా పద్మ అవార్డులు ఉన్నాయి. వాటి నిబంధనల్లో ఇతర రంగాలు అనే విభాగం కింద వన్యప్రాణి సంరక్షణను స్పష్టంగా రాశారు. నామినేషన్ ఎమ్మెల్యేనో మంత్రో వేయాలని లేదు, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్‌లో మీరూ నేనూ కూడా వేయొచ్చు, ఆ మనిషి చేసిన పనిని 800 పదాల్లోపు రాయాలి, అంతే. తెలుగు సినిమాలోగానీ, నాటకాల్లోగానీ, బుర్రకథ చెప్పేవాళ్లలోగానీ, ఒక తాబేలు కోసమో బట్టమేకపిట్ట కోసమో ఏళ్ల తరబడి కష్టపడుతున్నవాళ్లు మీకు తెలిస్తే నాకు చెప్పండి. వివరాలు మీరిస్తే ఆ 800 పదాలు నేను రాసి పెడతాను.