మొదటి ముక్క వెయ్యకముందు

రీయూనియన్ సంచికకి ఏదైనా రాయమని గ్రూపులో అడగ్గానే అందరూ క్లాసుల గురించి, ఆటస్థలం గురించి రాసేస్తారని తెలుసు, అందుకే నేను హాస్టల్ కామన్ రూమ్‌లో కిటికీ పక్కనుండే ఆ నాలుగు కుర్చీల టేబుల్ గురించి రాస్తున్నాను. నాకు బ్రిడ్జ్, అంటే నలుగురు రెండు జట్లుగా ఆడే పేకాట, వచ్చింది అక్కడే, ఇప్పటికీ వారానికి రెండు రోజులు ఆడుతున్నాను. మన బ్యాచ్‌లో రిటైర్ అయ్యాక మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు, వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది ఒకటే, "ఒరేయ్, ఏ సిస్టమ్ నేర్చుకుంటే ఆట బాగుపడుతుంది రా?" అని.

సిస్టమ్, అంటే ఆటకి ముందు పాడే పాటలో (బిడ్లలో) ఏ బిడ్‌కి ఏ అర్థమో పార్ట్‌నర్లిద్దరూ అనుకునే పద్ధతి, తర్వాత సంగతి. ముందు లెక్కపెట్టడం రావాలి. ఈ మాట నాది కాదు, లెక్కల మాస్టారిది. ఆయన రాత్రి భోజనాలయ్యాక వచ్చి మా వెనక కుర్చీ వేసుకుని కూర్చునేవారు, ఆట నడుస్తున్నంతసేపు ఒక్క మాట మాట్లాడేవారు కాదు, ఆట అయిపోయాక మాత్రం వదిలేవారు కాదు.

ఒక రాత్రి ఆట నాకు ముక్కముక్కా గుర్తుంది. నేను మూడు నోట్రంప్ ఆడుతున్నాను, అంటే తురుఫు (మిగతా రంగుల్ని కొట్టే రంగు) లేకుండా తొమ్మిది ట్రిక్కులు చెయ్యాలి, నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్. నా చేతిలో ఇస్పేట్ ఆసు, ఎనిమిది, నాలుగు. డమ్మీలో, అంటే బల్లమీద పరిచిన నా పార్ట్‌నర్ చేతిలో, ఇస్పేట్లు రెండే, ఏడు, రెండు. ఆఠీన్ ఆసు, రాజు, రాణి మూడూ మా వైపే ఉన్నాయి, కళావర్ ఆసు, రాజు నా దగ్గరే. డైమండ్లు డమ్మీలో ఆసు, రాణి, జాకీ, పది, ఐదు, నా చేతిలో తొమ్మిది, ఎనిమిది, మూడు. డైమండ్ రాజు ఎవరి దగ్గరుందో తెలీదు. ఎడమ పక్కవాడు ఇస్పేట్ ఐదు లీడ్ చేశాడు (మొదటి ముక్కగా వేశాడు), డమ్మీ నుంచి రెండు, కుడి పక్కవాడు రాణి, నేను టక్కున ఆసు కొట్టేశాను. ట్రిక్ వచ్చింది కదా అన్న సంతోషంలో వెంటనే డైమండ్ తొమ్మిది ఆడి ఫినెస్ చేశాను, అంటే రాజు ఎడమ పక్కవాడి దగ్గరుంటుందని ఆశపడి డమ్మీ ఆసు వెయ్యకుండా ఆపాను, కుడి పక్కవాడు రాజుతో పట్టుకుని మళ్ళీ ఇస్పేట్ తిప్పాడు, ఎడమ పక్కవాడి ఐదు ఇస్పేట్లలో మిగిలిన నాలుగూ పనికొచ్చాయి, వాళ్ళు వరసగా నాలుగు లాగేశారు. ఒక్క ట్రిక్‌తో కాంట్రాక్ట్ (తొమ్మిది చేస్తానన్న మాట) పోయింది. డైమండ్ రాజు అటు ఉండడం నా దురదృష్టం అన్నాను.

మాస్టారు ముక్కలన్నీ ఏరి, ఎవరి చేతివి వాళ్ళ ముందు మళ్ళీ పేర్చి, "ఆసు వెయ్యకముందు ఏం లెక్కపెట్టావు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "నోట్రంప్‌లో ముందు ఖాయంగా వచ్చేవి లెక్కపెట్టు" అన్నారు. ఇస్పేట్ ఒకటి, ఆఠీన్ మూడు, కళావర్ రెండు, డైమండ్ ఆసు ఒకటి, మొత్తం ఏడు. ఇంకో రెండు డైమండ్లలోంచే రావాలి, రాజు పోయినా సరే అక్కడ నాలుగు వస్తాయి. అంటే ఫినెస్ తప్పినా భయం లేదు, భయమల్లా రాజుతో పట్టుకున్నవాడి చేతిలో ఇంకా ఇస్పేట్ మిగిలి ఉండడమే. ఫినెస్ తప్పితే పట్టుకునేది కుడి పక్కవాడే కదా, మరి అతని ఇస్పేట్లు ముందే అయిపోయేలా చూసుకోవాలి. "రాణిని గెలవనివ్వు, రెండోసారి కూడా ఇచ్చెయ్, మూడోసారి ఆసు వెయ్యి" అని మాతోనే ఆడించారు. ఈసారి కుడి పక్కవాడు డైమండ్ రాజుతో పట్టుకున్నాడు, చూసుకుంటే చేతిలో తిప్పడానికి ఒక్క ఇస్పేట్ కూడా లేదు. పది ట్రిక్కులు వచ్చాయి. ఇస్పేట్లు వాళ్ళకి నాలుగు నాలుగు ఉండి ఉంటే? అప్పుడు మూడు ఇస్పేట్లు, ఒక డైమండ్ రాజు, మొత్తం నాలుగే పోతాయి, అప్పుడూ కాంట్రాక్ట్ నిలబడుతుంది.

ఎన్నిసార్లు ఆసు ఆపుకోవాలి అనేదానికి ఏడు రూల్ అని ఒకటుంది, ఆ రంగులో మీ రెండు చేతుల్లో కలిపి ఎన్ని ముక్కలున్నాయో ఏడులోంచి తీసెయ్యండి, మిగిలినన్ని సార్లు ఇచ్చెయ్యండి. ఇక్కడ మాకు ఐదు, కాబట్టి రెండుసార్లు. రూల్ బట్టీ పడితే చాలదు, ఎందుకు ఆపుతున్నామో తెలియాలి, ఎందుకంటే ఇంకో రంగులో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంటే ఆపుకోవడమే తప్పు అవుతుంది.

అదే ఆటలో కుడి పక్క కూర్చున్నవాడికీ ఒక పాఠం ఉంది. లీడ్ చేసింది పొడుగు రంగులో (తన చేతిలో ఎక్కువ ముక్కలున్న రంగులో) పైనుంచి నాలుగో ముక్క అయితే ఆ అంకెని పదకొండులోంచి తీసేస్తే, మిగతా మూడు చేతుల్లో దానికంటే పెద్దవి ఎన్నున్నాయో తెలుస్తుంది. ఐదు లీడ్ చేశాడు, కాబట్టి ఆరు. డమ్మీలో ఏడు ఒకటి, తన చేతిలో రాణి, పది, ఆరు మూడు, అంటే డిక్లేరర్ (కాంట్రాక్ట్ ఆడేవాడు, అక్కడ నేను) దగ్గర ఐదుకి పైన రెండే ఉన్నాయి. నా చేతిలో ఆసు, ఎనిమిది ఉన్నాయి కదా, సరిగ్గా రెండే! మొదటి ట్రిక్ ఇంకా పూర్తికాకుండానే అతను నా చేతిలోకి తొంగి చూసినట్టే. ఇది చూసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, నిజంగా.

డిఫెన్స్ (డిక్లేరర్‌ని ఆపడానికి ఆడే ఆట) గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు కానీ ఒకసారి ఆలోచించండి, నాలుగు ఆటల్లో మనం డిక్లేరర్ అయ్యేది సగటున ఒకసారి, డమ్మీ ఒకసారి, మిగతా రెండుసార్లూ డిఫెన్సే. సగం ఆట అక్కడే ఉంటే మనం కొత్త కొత్త బిడ్లు నేర్చుకుంటూ కూర్చుంటాం. స్టేమన్ (నోట్రంప్ అన్న పార్ట్‌నర్‌కి నాలుగు ఆఠీన్లు గానీ ఇస్పేట్లు గానీ ఉన్నాయా అని అడిగే బిడ్), బ్లాక్‌వుడ్ (ఆసులు ఎన్నని అడిగే బిడ్) లాంటివి పార్ట్‌నర్లిద్దరికీ ఒకేలా తెలిస్తే మొదట్లో చాలు. బ్లాక్‌వుడ్ కూడా జవాబు వచ్చాక ఏం చెయ్యాలో ముందే తెలిసినప్పుడే అడగాలి, ఒక రంగులో రెండు చిన్న ముక్కలు పెట్టుకుని ఆసులు ఎన్నని అడిగితే, పార్ట్‌నర్ ఒక్క ఆసు అన్నాక అది ఆ రంగుదో కాదో తెలియక అక్కడే ఇరుక్కుంటాం.

ఇక ముక్కలు లెక్కపెట్టడం. యాభై రెండు ముక్కలు ఎవరు గుర్తుపెట్టుకుంటారండీ అని భయపడి వదిలేసేవాళ్ళే ఎక్కువ. అన్నీ అక్కర్లేదు. మొదటి నెల తురుఫు ఒక్కటే లెక్కపెట్టండి, అదీ పడ్డవి కాదు, వాళ్ళ దగ్గర మిగిలినవి. మీకు ఎనిమిది ఉంటే వాళ్ళకి ఐదు, అవి మూడు-రెండుగా ఉండే అవకాశం 68 శాతం, నాలుగు-ఒకటి 28 శాతం. మీకు ఏడే ఉంటే వాళ్ళకి ఆరు, అక్కడ మూడు-మూడు వస్తుందని ఆశపడతాం కానీ అది 36 శాతమే, నాలుగు-రెండు 48 శాతం. మాస్టారు ఇంకో అలవాటు చేయించారు, 4-4-3-2, 5-3-3-2, 5-4-3-1, 5-4-2-2, 4-3-3-3 అని చేతుల ఆకారాలని ఎక్కాల్లా వల్లెవేయించడం. ఏది చూసినా మొత్తం పదమూడే. రెండేళ్ళు పోయాక ఏమవుతుందంటే ఒకడి చేతిలో ఐదు ఇస్పేట్లు, నాలుగు ఆఠీన్లు చూశాక మూడు డైమండ్లు వచ్చాయంటే కళావర్ ఒక్కటే అని లెక్క వెయ్యకుండానే తెలిసిపోతుంది.

పడని బిడ్ కూడా వినాలి. పాయింట్లలో ఆసు నాలుగు, రాజు మూడు, రాణి రెండు, జాకీ ఒకటి కదా, మొదట బిడ్ వెయ్యకుండా పాస్ అన్నవాడు ఆట మధ్యలో ఒక రంగులో ఆసు, రాజు, ఇంకో రంగులో ఆసు చూపించాడంటే పదకొండు అయిపోయాయి. కనిపించని రాణి కూడా అతని దగ్గరే ఉంటే పదమూడు, అప్పుడు తప్పకుండా ఓపెన్ చేసి (తనే మొదటి బిడ్ వేసి) ఉండేవాడు. కాబట్టి రాణి రెండోవాడి దగ్గర ఉంది. ఫినెస్ అంటే సగం సగం అంటారు గానీ ఇలా వింటే చాలాసార్లు సగం కన్నా ఎక్కువే.

పార్ట్‌నర్ విషయం కూడా చెప్పాలి. నాతో మూడేళ్ళు ఆడినవాడు నేను ఎంత చెత్తగా ఆడినా టేబుల్ దగ్గర కళ్ళు కూడా ఎత్తేవాడు కాదు, పడుకునే ముందు వరండాలో నడుస్తూ మెల్లగా "ఆ మూడో ట్రిక్‌లో ఏమనుకున్నావు?" అని అడిగేవాడు. నేను బాగుపడింది ఆ వరండాలోనే అని నమ్ముతాను. టేబుల్ దగ్గర తిట్టిన తిట్టు తర్వాతి ఆటలో కూడా వినిపిస్తూ ఉంటుంది, లెక్క తప్పిపోతుంది, అది ఇద్దరి నష్టం. పోయిన ఆటల్ని ఒక నోట్‌బుక్‌లో నాలుగు చేతులూ రాసుకోండి, గెలిచినవి కాదు, పోయినవి.

ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం అనే మన బ్యాచ్ వాళ్ళకి ఒక మాట. 2018 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బ్రిడ్జ్ పురుషుల జంటలో మనకి గోల్డ్ తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కి అప్పుడు 60 ఏళ్ళు, శివనాథ్ సర్కార్‌కి 56. ఇంకెన్ని ఆటల్లో మన వయసువాళ్ళు ఆ మెట్టు ఎక్కగలరు చెప్పండి.

రీయూనియన్ రోజు రాత్రి ఫోటోలూ ప్రసంగాలూ అయ్యాక నేను రెండు కొత్త పేకలు తెస్తాను, ఆ పాత నోట్‌బుక్ కూడా తెస్తాను, అందులో ఆ మూడు నోట్రంప్ ఆట నాలుగు చేతులూ మొదటి పేజీలో ఉన్నాయి, కింద మాస్టారి చేతిరాతతో ఒక 7 అంకె, దాని చుట్టూ గుండ్రంగా గీసిన సున్నా ఉన్నాయి. ముగ్గురు వస్తే చాలు.