సీజీఎల్ కంప్యూటర్ మాడ్యూల్: కీబోర్డు నాకు ఎక్కడ పట్టుబడిందంటే

ఫ్రెండ్స్, సీజీఎల్ (డిగ్రీ చేసినవాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్ష) ఫైనల్ లిస్టులో నా రోల్ నంబర్ ఉంది. మూడుసార్లు చూసుకున్నాకే నమ్మకం కుదిరింది. మ్యాథ్స్, రీజనింగ్, ఇంగ్లిష్ గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు, మాక్‌లు, మళ్లీ పాత పేపర్లు. అంతే.

నేను చెప్పాలనుకున్నది టైర్-2లో, అంటే రెండో దశ పరీక్షలో ఉండే కంప్యూటర్ మాడ్యూల్ గురించి. రెండు గంటలు బుర్ర వేడెక్కాక వచ్చే ఆ పావుగంట. 20 ప్రశ్నలు, 60 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. "క్వాలిఫయింగే కదా" అని అందరూ పక్కన పెట్టేస్తారు. మెరిట్‌లో కలపరు, నిజమే. కానీ అందులో పోతే మిగతా వాటిలో ఎన్ని మార్కులొచ్చినా లిస్టులో ఉండం. కిందటిసారి నన్ను ఆపింది అదే. అప్పుడూ కీబోర్డు షార్ట్‌కట్ల పట్టిక కళ్లు మూసుకుని అప్పజెప్పేవాణ్ణి. ఎఫ్5 అంటే రిఫ్రెష్ అని ఆ పట్టికలో ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌లో అన్న గడి మాత్రం లేదు. వర్డ్‌లో ఎఫ్5 కొడితే 'ఫైండ్ అండ్ రీప్లేస్' పెట్టెలో 'గో టు' తెరుచుకుంటుంది. పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో మొదలవుతుంది. రిఫ్రెష్ అయ్యేది బ్రౌజర్లో, ఫోల్డర్లో.

తర్వాత హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులో సాయంత్రాలు పనికి కుదిరాను. "కోచింగ్‌కి పంపితే జిరాక్సులు తీస్తున్నాడట" అని మా చుట్టాలు చాలా బాధపడ్డారు. రూమ్ అద్దె వాళ్లు కట్టలేదు కాబట్టి ఆ బాధ నేను పట్టించుకోలేదు. ఒకరోజు షాపులో మౌస్ పాడైంది. గిరాకీ నిలబడి ఉంది. ఓనర్ అన్న తాపీగా, "మౌస్ దేనికి తమ్మీ, ఆల్ట్ కొట్టు, అన్నీ అవే కనబడతయ్" అన్నాడు. కొట్టాను. పైన మెనూ మీద ఒక్కోదానికి ఒక్కో అక్షరం వచ్చింది. ఆ అక్షరాలు నొక్కుకుంటూ పోతే మొత్తం వర్డ్ చేతికొచ్చింది! పెట్టెల్లో ముందుకు ట్యాబ్, వెనక్కి షిఫ్ట్ ట్యాబ్. టిక్ పెట్టడానికి స్పేస్, వద్దనుకుంటే ఎస్కేప్. రైట్ క్లిక్‌కి బదులు షిఫ్ట్ ఎఫ్10. కొత్త మౌస్ వచ్చాక కూడా నేను దాన్ని పక్కకి జరిపేసేవాణ్ణి.

అప్పటినుంచి ప్రశ్న చదవగానే ముందు ఏ ప్రోగ్రామో చూసేవాణ్ణి. కంట్రోల్ డి వర్డ్‌లో ఫాంట్ పెట్టె తెరుస్తుంది, ఎక్సెల్‌లో పై గడిలో ఉన్నది కిందికి నింపుతుంది, బ్రౌజర్లో బుక్‌మార్క్ పెడుతుంది, ఫోల్డర్లో అయితే ఫైల్‌ని రీసైకిల్ బిన్‌కి పంపుతుంది. షిఫ్ట్ డిలీట్ కొడితే బిన్‌లో కూడా ఉండదు. ఎక్సెల్‌లో బాణం కీ నొక్కితే గడి మారకుండా షీటే జరుగుతోందా, స్క్రోల్ లాక్ ఆన్‌లో ఉందన్నమాట. కుడివైపు నంబర్ ప్యాడ్‌లో 7 కొడితే కర్సర్ లైను మొదటికి పోతోందా, నమ్ లాక్ ఆఫ్‌లో ఉంది. ఇవి షాపులో రోజూ ఎదురయ్యేవే. బట్టీ పట్టాల్సిన పనేముంది?

టైర్-2లోనే డెస్ట్, అంటే డేటా ఎంట్రీ టైపింగ్ పరీక్ష కూడా ఉంటుంది. 15 నిమిషాల్లో 2000 కీ డిప్రెషన్స్ (కీ నొక్కడాలు), అంటే నిమిషానికి 133 పైచిలుకు. మరీ వేగం అక్కర్లేదు, చూపుడువేళ్లు ఎఫ్, జె మీది చిన్న గీతల దగ్గరికి తిరిగొస్తే చాలు. ఒక్క పెద్దక్షరం కోసం క్యాప్స్ లాక్ వేసి తీసే అలవాటుంటే మానేయండి, షిఫ్ట్ వాడండి. క్యాప్స్ లాక్ అక్షరాలనే మారుస్తుంది, అంకెల పైనున్న గుర్తులు కావాలంటే ఎలాగూ షిఫ్టే గతి. ఇది మాడ్యూల్‌లో అడగదగ్గ ప్రశ్న కూడా.

టైమ్ లేదనొద్దు. రాత్రి రీల్స్ చూసే వేలికి రోజుకో అరగంట కీబోర్డు మీద పనిపెట్టలేమా? చుట్టాల మాటలకి కుంగిపోయే తీరిక ఉన్నవాళ్లకి ఇదీ కుదురుతుంది. సరే, క్లాసు పీకడం ఆపుతా.

చాలామంది అడుగుతున్నారు, లాప్‌టాప్ మీద ప్రాక్టీస్ చేస్తే సరిపోదా అని. చాలా లాప్‌టాప్‌లలో కుడివైపు నంబర్ ప్యాడ్ ఉండదు, ఎఫ్ కీలు కూడా ఎఫ్ఎన్ కలిపి నొక్కితేనే పనిచేస్తాయి. సెంటర్‌లో ఎక్కువగా ఉండేవి డెస్క్‌టాప్ కీబోర్డులు. యూఎస్‌బీది మామూలు కీబోర్డు ఒకటి కొనుక్కుని, లాప్‌టాప్‌కే తగిలించి ప్రాక్టీస్ చేయండి.