రాహేలు సమాధి మీది రాయి

ఆదికాండము 35వ అధ్యాయంలో రాహేలు ప్రసవవేదన దగ్గర కళ్లు తుడుచుకునే మనం, ఆమె సమాధి మీద యాకోబు స్తంభము కట్టించాడనే 20వ వచనాన్ని ఊరికే దాటేస్తాం. నిరుడు అమ్మ సమాధికి రాయి ఎంచవలసి వచ్చేదాకా నేనూ అలాగే దాటేశాను. అప్పుడు మళ్లీ చదివితే, అదే అధ్యాయం 14వ వచనంలో ఇంకొక స్తంభము కనబడింది. దేవుడు తనతో మాట్లాడిన బేతేలులో యాకోబు నిలిపి, పానార్పణము చేసి, నూనె పోసిన రాయి అది. ఆరు వచనాల ఎడంలో ఒకే మనిషి రెండు రాళ్లు నిలిపాడు. రెండింటికీ మన బైబిలులో ఒకటే మాట, హెబ్రీలోనూ ఒకటే మాట. దేవుని స్వరం విన్నచోట ఏ గుర్తు పెట్టాడో, భార్యను మట్టిలో పెట్టిన చోటా అదే గుర్తు పెట్టాడు. మొదటి రాయి మీద నూనె పోశాడు. రెండవదాని మీద ఏమి పోశాడో లేఖనం చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా.

రాహేలుకు అబ్రాహాము కుటుంబ సమాధి అయిన మక్పేలా గుహలో చోటు దొరకలేదు, బేత్లెహేము దారి పక్కనే పాతిపెట్టవలసి వచ్చింది. యాకోబు పసివాణ్ణి ఎత్తుకొని ముందుకు సాగిపోవలసినవాడు గనుక తన బదులు అక్కడ నిలబడటానికి ఒక రాయిని ఉంచి వెళ్లాడని నాకు అనిపిస్తుంది. ఐగుప్తులో మరణశయ్య మీద యోసేపుతో మాట్లాడుతూ కూడా ఆ దారిని, ఆ సమాధిని తలుచుకున్నాడు.

నల్ల గ్రానైటు తవ్వే చీమకుర్తి మన జిల్లాలోనే ఉండటం వరమో శోధనో తెలియదు గాని, ఒంగోలు సమాధుల తోటలో నల్లరాళ్లు ఏటికేడు ఎత్తు పెరుగుతున్నాయి. అమ్మ జ్ఞాపకార్థ కూడికకు ముందు అన్నయ్య, నేను రాయి కోసం వెళ్లినప్పుడు, దుకాణంలో అబ్బాయి గెలాక్సీ గ్రానైటు పలక మీద చెంబెడు నీళ్లు పోసి తుడిచి చూపించాడు. నల్లటి నునుపులో బంగారు చుక్కలు మెరిశాయి, వాటి మధ్య మా ఇద్దరి ముఖాలే కనబడ్డాయి. ఫొటో చెక్కిస్తారా, పిల్లల ఉద్యోగాలు కూడా రాయించుకుంటున్నారండీ అన్నాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు, అలా అడిగి రాయించుకుంటున్న మనది. తన పేరు నిలవాలని బతికుండగానే స్తంభము నిలుపుకున్న దావీదు కొడుకు అబ్షాలోము చివరికి చంపబడి, అడవిలో గోతిలో పడవేయబడి రాళ్లకుప్ప కింద మిగిలాడని చదివి కూడా, తల్లిదండ్రుల తలాపున మన బిరుదులు చెక్కించుకుంటామా? 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఎందరి సమాధులకు రాయి ఉంది?

చివరికి మోకాలెత్తు బూడిదరంగు రాయి తీసుకున్నాం. పేరు, రెండు సంవత్సరాలు, 121వ కీర్తనలోని సగం వచనం: "నిన్ను కాపాడువాడు కునుకడు." నాన్న పొగాకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకోవడానికి వెళ్లిన రాత్రుల్లో అమ్మ ఆ మాట చెప్పే మమ్మల్ని పడుకోబెట్టేది. నిద్రించినవారి రాయి మీద కునుకడు అని రాయడమేమిటని అన్నయ్య మొదట సందేహించాడు, తరువాత తనే అయ్యగారికి ఫోన్ చేసి వచనం సరిచూసుకున్నాడు.

సమాధుల పండుగకు, నవంబరు 2న కొవ్వొత్తులు పట్టుకొని వెళ్లేసరికి, ఒక పెద్దాయన రాయి లేని మట్టిదిబ్బ దగ్గర గడ్డి పీకుతున్నాడు. సౌలుతో సమూయేలు ప్రవక్త, రాహేలు సమాధినే దారి గుర్తుగా చెప్పి, అక్కడ నీకు ఇద్దరు మనుషులు ఎదురవుతారన్న మాట నాకు ఆయన మాటలు విన్నాకే గుర్తుకొచ్చింది.

"మీ అమ్మగారి రాయి పెట్టాక వెతుక్కునే పని తప్పింది నాయనా," అన్నాడు. "దానికి ఎడమ పక్కన మూడోది మా ఆమెది."