తాతయ్య చొక్కా వాసన

"నీకు తాతయ్య అంటే సిగ్గా అమ్మా?" అని అడిగింది మా పదకొండేళ్ల పిల్ల, కారులో సీటుబెల్టు పెట్టుకుంటూ. ఇంగ్లీషులోనే అడిగింది. నేను జవాబు చెప్పకుండా వైపర్లు వేశాను. వాన లేదు.

ఆ రోజు శనివారం, తెలుగు క్లాసుండే రోజు. రానంటే రానంది. "గుణింతాలు వచ్చే వారం కూడా ఉంటాయి, ఆవిరి ఇంజన్లుండవు" అని వాదించింది. జ్వరమొచ్చినా క్లాసు మానకూడదన్నది మా ఇంటి రూలు. (పోయిన నెల చీరల సేలుకి నేనే మాన్పించాను. అది వేరే సంగతి.)

మా వీధి చివరి పెద్దాయన పెరట్లో ఏటా వేసవిలో బుల్లి ఆవిరి రైళ్లు నడిపే సరదా ఉన్నవాళ్లంతా చేరతారు. నడుమెత్తున పట్టాలు, మధ్య ఎడం 32 మిల్లీమీటర్లు. అసలు రైలు అడుగు ఇక్కడ 16 మిల్లీమీటర్లు, అంటే రెండడుగుల నారోగేజి లైనన్నమాట. కొన్ని ఇంజన్లు గ్యాసువి, కొన్ని స్పిరిటువి, రెండో మూడో నిజంగా బొగ్గువే. స్పిరిటు మంట ఎండలో కనపడదు, చెయ్యి పెట్టకని మా పిల్ల నాకే జాగ్రత్త చెప్పింది.

ఇండియా వాళ్లమని తెలిసి ఒకాయన డార్జిలింగ్ ఇంజను తెచ్చి నా ముందు పెట్టాడు. ముందు బీము మీద ఇద్దరు బుల్లి మనుషులు, చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక చల్లేవాళ్లు. ఆ రైలెక్కారా అన్నాడు. నెల్లూరు జిల్లాలో పుట్టినదానికి డార్జిలింగెక్కడ? స్కాట్లండైతే నాలుగుసార్లు చూశాను. అయినా "చాలా బావుంటుంది" అనేశాను.

అప్పుడొచ్చింది ఆ వాసన. సిలిండర్ల నూనె వేడి ఆవిరిలో కాగి, బొగ్గుపొగతో కలిసిన వాసన. బిట్రగుంట రైలింజన్ల షెడ్డు నుంచి ఇంటికొచ్చాక నాన్న చొక్కాది. అమ్మ ఆ చొక్కాలు విడిగా నానబెట్టేది.

"మా నాన్న ఫైర్‌మన్. డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్లకి బొగ్గు వేసేవాడు" అన్నాను, ఎవరో అడిగినట్టు. ముక్కు మీద నక్షత్రముండే ఇంజనేనా అంటూ అందరూ చుట్టూ చేరారు. మా పిల్ల నోరు తెరుచుకుని చూసింది.

దానికి తెలిసిందల్లా తాతయ్య "రైల్వేలో చేసేవాడు" అని. నా పెళ్లి సంబంధాలప్పుడు "సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగి" అని రాసింది కూడా నేనే. నాన్న ఆ కాగితం చదివి, మడిచి, తిరిగిచ్చాడు.

పిల్లలకి మన మూలాలు తెలియాలని ఎక్కడపడితే అక్కడ చెబుతుంటాను. ముగ్గులు మూలాలు, అన్నమయ్య కీర్తనలు మూలాలు. బొగ్గుపార మాత్రం కాదు కాబోలు.

మీ పెద్దవాళ్లు చేసిన పనేమిటో పిల్లలకి ముందే చెప్పండి అని సలహా ఇద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. కానీ నేను చెప్పి ఉంటే ఎలా చెప్పేదాన్ని? "తాతయ్య ఎంత కష్టపడ్డాడో చూడు, బాగా చదువుకో" అనేగా! అది విన్న పిల్ల ఇంజన్ల జోలికి పోతుందా?

ఆదివారం వీడియో కాల్లో అరువు తెచ్చుకున్న ఇంజను తాతయ్యకి చూపించింది. సిలిండర్లకి నూనె అందించే లూబ్రికేటర్లో ఆవిరి చల్లబడి, నీళ్లై అడుగుకి చేరి, నూనెని పైకి నెడుతుందని వివరించింది. "వాటర్ గేజి చూసుకోమ్మా, నీళ్లు తగ్గితే బాయిలర్ పోతుంది" అన్నాడు నాన్న. పిల్ల రెగ్యులేటర్ అంటే ఆయన ఇంజెక్టర్ అన్నాడు. సేఫ్టీ వాల్వు దగ్గర ఇద్దరూ నవ్వుకున్నారు, ఎందుకో నాకు తెలియలేదు. తెలుగు రాకపోతే తాతయ్యతో ఎలా మాట్లాడతావని దాన్ని ఎన్నేళ్లుగా బెదిరిస్తున్నానో! గుణింతాల పుస్తకం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"పార ఎలా పట్టుకోవాలో తాతయ్య చూపించాడు" అంది కాల్ అయ్యాక. నాకెప్పుడూ చూపించలేదు. నేనడగనూ లేదు.

వచ్చే వారం ఉండవన్న ఇంజన్లు వచ్చే వారం కూడా ఉన్నాయట, ఇంకొకరి పెరట్లో. తెలుగు టీచరుకి జ్వరమని మెసేజ్ పెట్టాలా, నిజమే రాయాలా అని ఇంకా తేల్చుకోలేదు.