కువైట్ లైసెన్సు కడపలో చెల్లలేదు

మా వీధిలో ఇంటికొకరన్నా కువైట్‌లో ఉంటారు. రాజంపేట, రాయచోటి వైపైతే ఇక చెప్పనక్కర్లేదు. మా తమ్ముడూ అక్కడ ఒకరింట్లో డ్రైవరు. ఇక్కడ లైసెన్సు తీసుకోకుండానే చిన్న వయసులో వెళ్లిపోయాడు. కారు అక్కడే నేర్చుకుని, టెస్టు పాసై, అక్కడి లైసెన్సే తెచ్చుకున్నాడు.

రెండు నెలల సెలవు మీద వచ్చిన మనిషి, నేను స్కూలుకు పోయిన టైములో అమ్మనడిగి తాళాలు తీసుకుని నా స్కూటీ మీద బజారుకు బయలుదేరాడు. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర హెల్మెట్ లేదని ఆపారు. లైసెన్స్ అడిగితే దర్జాగా కువైట్ కార్డు తీసి ఇచ్చాడట. కాసేపటికి నాకు ఫోను: "అక్కా, బండి స్టేషన్‌లో పెట్టినారు. బండి నీ పేరు మీద ఉంది కదా, నువ్వే రావాలంట."

ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లాను. చలానాలో మూడు పద్దులున్నాయి. హెల్మెట్ లేనందుకు వెయ్యి, లైసెన్సు లేకుండా నడిపినందుకు ఐదు వేలు, లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చినందుకు ఇంకో ఐదు వేలు. ఈ చివరిది బండి ఓనరుకు, అంటే నాకు. 2019 సెప్టెంబర్‌లో మోటారు వాహనాల చట్టం మారక ముందు లైసెన్సు లేకపోతే 500, బండి ఇచ్చిన ఓనరుకు వెయ్యి ఉండేది.

నేను ఊరుకోలేదు. "సార్, నేను స్కూల్లో ఉన్నా. తాళాలు నేను ఇయ్యలేదు. అనుమతిస్తేనే కదా తప్పు?" అన్నాను. ఎస్సై గారు ఓపికగానే విన్నారు. "ఆ మాట కోర్టులో చెప్పుకోండమ్మా, వాళ్లు ఒప్పుకుంటే కొట్టేస్తారు. ఇక్కడే తేలాలంటే కట్టేయండి" అన్నారు. కోర్టుకు వెళ్తే నా ఐదు వేలు మిగిలేవనే ఇప్పటికీ నా నమ్మకం.

ఇంటికొస్తే అమ్మ ఏడుస్తోంది. పక్కింటావిడ అప్పటికే చెప్పేసింది: కేసు రాస్తే పాస్‌పోర్టు పట్టుకుంటారని, ఫ్లైటు ఎక్కనియ్యరని. కువైట్ ఇళ్లలో జరిమానా కంటే ఈ మాటకే టెన్షన్ ఎక్కువ. మా వీధి చివర ఒక లాయరు గారున్నారు, అడిగాం. లైసెన్సు లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 181 కింద మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ వేయొచ్చు, నిజమే. కానీ అదే చట్టంలో సెక్షన్ 200 ఉంది. అధికారం ఉన్న ఆఫీసరు దగ్గర రాజీ రుసుము కట్టేస్తే ఆ నేరం మీద ఇక ముందుకు ఏ చర్యా ఉండదు. కట్టకుండా వదిలేస్తే కోర్టుకు పోతుంది, మనిషి కువైట్‌లో ఉన్నప్పుడు సమన్లు ఇంటికొస్తాయి. మేం భయపడాల్సింది దానికి అన్నారాయన. అంతే, పదకొండు వేలూ కట్టేసి రసీదు దాచుకున్నాం. లైసెన్సున్న మనిషే బండి తీసుకుపోవాలన్నారు కాబట్టి నేనే నడుపుకుని వచ్చాను.

ఆయన చెప్పిన ఇంకో సంగతితో నాకు నిద్ర పట్టలేదు. దారిలో ఎవరినైనా గుద్దుంటే? ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు డబ్బు కట్టినా, నడిపినవాడికి లైసెన్సు లేదని రుజువైతే ఆ మొత్తాన్ని ఓనరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని వివరంగా తేల్చింది. ఓనరు జాగ్రత్తగానే ఉన్నాడా లేదా అన్నదీ చూస్తారట. చూసినా సరే, లక్షల్లో ఉండే పరిహారం నా స్కూలు జీతంతో ఎన్నేళ్లకు తీరేను?

లైసెన్సు సంగతికొస్తే, వేరే దేశపు లైసెన్సు ఉన్నవాళ్లకు అదే రకం బండికి డ్రైవింగ్ టెస్టు మినహాయింపు మన చట్టంలోనే ఉంది. మావాడు ఎగిరి గంతేశాడు. కానీ వాడి కార్డు కారుకు, పట్టుబడింది స్కూటీ మీద. టూవీలరుకు అందరిలాగే ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే తాత్కాలిక లైసెన్సు నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఆధార్, ఫొటో, స్లాటు, ఇవన్నీ సులువుగానే అయిపోయాయి. కంప్యూటర్ టెస్టులో నూటికి అరవై వంతు జవాబులు సరిగా ఉంటే చాలు. అసలు ఇబ్బంది ఆ తర్వాతి 30 రోజులు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చాక నెల నిండితేగాని టెస్టుకు పిలవరు, ఆరు నెలలు దాటితే అది చెల్లదు. సెలవంతా ఇందులోనే కరిగిపోయింది. ఆఫీసు బయట ఒకాయన "నెల ఎందుకన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. పదకొండు వేలు కట్టిన చేతులతో మళ్లీ ఎవరికీ ఇచ్చే ఓపిక లేదు.

టెస్టు రోజు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎనిమిది వేయడం మావాడికి కష్టం కాలేదు. ట్రాక్ బయట మలుపు తిరిగి మాత్రం రోడ్డుకు కుడివైపు పోయాడు. కువైట్‌లో అంతా కుడివైపే కదా! ఆయన కేకేశాడు: "ఏమబ్బీ, యాడికి పోతావుండావ్?" మళ్లీ తిప్పించి చూసి పాస్ చేశారు. ఇన్నేళ్లు బండి నడిపినవాడికి మళ్లీ టెస్టేంటని అంతవరకూ విసుక్కున్నదాన్ని, ఆ మలుపు చూశాక నోరు మూసుకున్నాను.

ముప్పై దాటాడు కాబట్టి పదేళ్లకు ఇచ్చారు. కార్డు చేతికి రాకముందే వాడి ఫ్లైటు టైమైంది. డిజిలాకర్‌లో కనిపిస్తోంది, చెకింగ్‌లో అదీ చెల్లుతుంది. స్కూటీ తొందరలో కారు సంగతి వదిలేశాం. వచ్చే సెలవులో కారు అద్దెకు తీసుకుని తానే నడుపుతూ తిరుపతి తీసుకుపోతానని అమ్మకు ఫోన్‌లో చెబుతున్నాడు. నేనైతే డ్రైవరును మాట్లాడుకుందామంటున్నాను.