రిజిస్టరులో ‘మామూలే’

అమ్మ ఇప్పటికి రెండుసార్లు తలుపు దాకా వచ్చి చూసి వెళ్లింది. ఒక్క మాట వల్ల నిద్ర పట్టడం లేదు. సాయంత్రం మా సొరంగం పని షిఫ్టు రిజిస్టరు తిరగేస్తే ‘ఊట’ అన్న గడిలో ఐదు రోజులుగా ఒకే రాత: మామూలే.

ఎంత వస్తే మామూలు? సోమవారం ఎడమ పక్క గోడలో బోల్టు కోసం తొలిచిన రంధ్రం కింద ఇరవై లీటర్ల బకెట్టు పెడితే పదిహేను సెకన్లకు నిండింది. నిన్న పది సెకన్లకే నిండింది. అంటే నిమిషానికి 80 లీటర్లు కాస్తా 120 అయ్యాయి. ఆ అంకె రాయడానికి ఎంతసేపు పడుతుంది?

మీటింగులోనూ అరగంట నీళ్లు తోడే మోటార్ల మాటే. ఇంకొకటి దింపితే సరిపోతుందట. కొండలో నీటి మట్టం సొరంగానికి 200 మీటర్ల పైన ఉంటే ఒత్తిడి 20 బార్ల దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు ఇరవై రెట్లు, వస్తుంది. అంత ఒత్తిడితో పారే నీటిలోకి సిమెంటు ఎక్కిస్తే గట్టిపడక ముందే కొట్టుకుపోతుంది. అందుకే ముందున్న రాతిలో నీరుందో లేదో చూసే ప్రోబ్ రంధ్రం ముందుగా వేసి, నీరు తగిలితే తవ్వక ముందే గ్రౌటింగ్ చేయాలని, అంటే పగుళ్లలోకి సిమెంటు ఎక్కించి మూసేయాలని మొత్తుకుంటాను. సగం షిఫ్టు పోతుందంటారు. ఇవాళ్టి రంధ్రం 24 మీటర్లూ పొడిగా వచ్చింది. సంతోషమే.

నా మొదటి ఉద్యోగంలో సొరంగం పల్లానికి తవ్వేవాళ్లం. ఊరిన ప్రతి చుక్కా మేం తవ్వుతున్న కొస, ఫేస్ దగ్గరికే చేరేది. కరెంటు పోతే జనరేటరు అందుకునేలోపు నీళ్లు మోకాళ్లు దాటేవి. అక్కడి డ్రిల్లరు పెద్దాయన రోజూ టీ గ్లాసులో ఊట నీళ్లు పట్టి బల్బు కేసి చూసేవాడు. “తేటగా ఉన్నంతసేపు ఎంత వచ్చినా నిలబడు బాబూ. ఎర్రబడిందా, సామాను వదిలేసి బయటికి నడువు” అనేవాడు. నీళ్లలో మట్టి దిగుతోందంటే పగుల్లో ఇరుక్కున్న మెత్తటి పదార్థం కొట్టుకొస్తోందని, వెనక ఖాళీ పెరుగుతోందని అర్థం. ఒక రాత్రి గ్లాసు ఎర్రబడింది. ఆయన ఎవరినీ అడగకుండా అందరినీ బయటికి తోలాడు. తెల్లవారి వెళ్లి చూస్తే డ్రిల్లింగ్ యంత్రం సగం దాకా బురదలో కూరుకుపోయి ఉంది. నేను రాత్రి నిలబడ్డ చోటు కనిపించనే లేదు.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి, నీరూ బురదా ముంచెత్తి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారని విన్న రోజు కూడా నాకు ఆ గ్లాసే కళ్లముందు మెదిలింది.

షిఫ్టు ఇన్‌చార్జిని రేపు నిలదీయాలని ఇది మొదలుపెట్టాను. ఇంత రాశాక ఆ కోపం నిలవడం లేదు. అతను పన్నెండు గంటలు గంబూట్లతో నీళ్లలో ఉంటాడు. ఆ ఫారం గీసింది నేను. ‘ఊట’కు రెండు అంగుళాల గడి వదిలాను. లీటర్లకు చోటు లేదు, రంగుకు అసలే లేదు. కాలువలో బిగిస్తే ప్రవాహం ఎంతో చెప్పే వి-నాచ్ పలక నెలరోజులుగా స్టోరులో పడి ఉంది, నేను అడిగి తెప్పించుకోలేదు.

అయినా ఐదు రోజులు వరసగా అదే మాటా? అది మాత్రం అడుగుతాను, మెల్లగానే.

కొత్త ఫారం గీశాను. వంటింట్లోంచి ఒక గాజు గ్లాసు తీసి సంచిలో పెట్టాను. పొద్దున అమ్మ లెక్క చూసుకుంటుంది, లేవగానే చెప్పాలి.