అన్నమయ్యకు కాపీరైట్!

పోయిన శనివారం మా చెల్లెలు మేడ మీద కూర్చుని ఒక అన్నమయ్య కీర్తన పాడి ఆన్‌లైన్‌లో పెట్టింది. వెనకాల శ్రుతిబాక్స్, అంతే. పది నిమిషాల్లో కాపీరైట్ క్లెయిమ్! ఆ పాట ఎవరో మ్యూజిక్ కంపెనీదట. అన్నమయ్య పోయింది 1503లో. రాగిరేకుల మీద చెక్కించిన పాటలు దొరికింది మా తిరుమల గుడిలోనే. తిరుపతి పిల్ల పాడుకోడానికి ఇదేం గోల అని భలే మండింది నాకు.

తర్వాత చదివితే తెలిసింది. రేకుల మీద రాగం పేరుంది గానీ స్వరాలు లేవు. మనం వినే బాణీలు చాలావరకు గత శతాబ్దంలో కట్టినవి. సాహిత్యం అందరిదీ, బాణీకీ రికార్డింగ్‌కీ మాత్రం హక్కులుంటాయి. మనం పెట్టిన పాటను వాళ్ల రికార్డింగ్‌తో పోల్చి పట్టుకునేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్.

చిన్నప్పుడు గాంధీ రోడ్డులో ఒక షాపులో ఖాళీ కాసెట్, పాటల చీటీ ఇస్తే రెండు రోజుల్లో నింపిచ్చేవాళ్లు. (అదీ పైరసీనే లెండి, అప్పుడెవరూ అడగలేదు.) ఇప్పుడు ఆ షాపులో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

ఆ క్లెయిమ్ మీద అభ్యంతరం పెట్టి ఆరు రోజులైంది. చెల్లెలు పొద్దున లేవగానే ఫోన్ చూసి, మూతి ముడుచుకుని పళ్లు తోముకోడానికి వెళ్తోంది.